పైపులు నాలుగు, బోరు ఒక్కటే

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 31. రాయలసీమ వంటలు, ఊళ్ల మీద యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాను. 1.8 లక్షల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. నెలకు సగటున యాడ్స్ మీద 42,000, బ్రాండ్ ప్రమోషన్ల మీద 25,000, అఫిలియేట్ లింకుల మీద (నేనిచ్చిన లింకుతో ఎవరైనా కొంటే వచ్చే కమీషన్) 5,000, మెంబర్‌షిప్‌ల మీద (ప్రేక్షకులు నెలనెలా కట్టే చందా) 3,000 వస్తాయి. పెళ్లిళ్లు, షాపుల షూటింగులు చేస్తే ఇంకో 15,000. ఇంటి ఖర్చు 38,000. ఎడిటర్ జీతం, తిరుగుళ్లకు 27,000. రెండు లక్షల చీటీకి నెలకు 10,000 కడుతున్నాను, ఇంకా 8 నెలలుంది. బ్యాంకులో 70,000 ఉంది. బీమా ఏదీ లేదు. ఇప్పుడు పచ్చళ్లు, పొడుల బ్రాండ్ పెడదామనుకుంటున్నాను. సీసాకు 60 రూపాయలు మిగులుతుంది. ఛానెల్ చూసేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నారు. తెలిసినాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు ఇస్తానన్నాడు. షూటింగులు మానేసి దీని మీదే కూర్చోవాలని ఉంది. భార్య, నాలుగేళ్ల పాప, షుగర్ ఉన్న అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. ఇన్ని రకాల ఆదాయం ఉంది కాబట్టి రిస్క్ తక్కువే కదా సర్?

జవాబు: తక్కువ కాదండీ, చాలా ఎక్కువ. వీడియోలు చేసేవాళ్లు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. అందుకే మీకు కాస్త గట్టిగానే చెబుతున్నాను. డబ్బు నాలుగు పేర్లతో వస్తే నాలుగు చోట్ల నుంచి వస్తోందని అనుకుంటున్నారు. యాడ్స్, బ్రాండ్లు, లింకులు, మెంబర్‌షిప్‌లు అన్నీ కలిపి మీకు నెలకు 75,000. ఇవి ఒకే బోరుకు బిగించిన నాలుగు పైపులు. బోరు ఎండితే ఏ పైపులో నీళ్లొస్తాయో అనంతపురం మనిషికి నేను చెప్పక్కర్లేదు.

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. అప్పటిదాకా అక్కడ లక్షల మంది ఫాలోవర్లు ఉన్నవాళ్లకు తెల్లారేసరికి ఒక్కరూ లేకుండా పోయారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. యూట్యూబ్‌లోనూ రూల్ తప్పారని ఒక్క స్ట్రైక్ (శిక్ష) పడితే వారం పాటు వీడియో పెట్టలేరు. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. వంట వీడియో వెనక ఎవరిదో పాట వేసి కాపీరైట్ స్ట్రైకులు తెచ్చుకున్నా అదే గతి. ఇవేవీ జరగకపోయినా దసరా, దీపావళి యాడ్స్ అయిపోయాక జనవరిలో రేట్లు పడిపోతాయి. బ్రాండ్ల డబ్బు వీడియో పెట్టిన అరవై, తొంభై రోజులకు గానీ చేతికి రాదు. మీరు రాసినవన్నీ కలిపితే నెలకు సగటున 90,000. సగటుతో ఇంటి అద్దె కట్టలేం కదా, ఆ నెల ఎంత వచ్చిందో అందులోంచే కట్టాలి.

మీరు మానేద్దామనుకుంటున్న షూటింగుల 15,000 ఒక్కటే ఛానెల్‌తో సంబంధం లేకుండా వచ్చే డబ్బు. రేపు ఛానెల్ లేకపోయినా ధర్మవరం పట్టుచీరల షాపు వాళ్లకు వీడియోలు కావాలి, తాడిపత్రిలో పెళ్లిళ్లు జరుగుతాయి. పేరొచ్చాక పెళ్లిళ్లు షూట్ చేయడం చిన్నతనం అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ మీకున్న వాటిలో అసలైన రెండో ఆదాయం అదే. దాన్ని 25,000కు పెంచండి. పచ్చళ్లంటూ ఆరో ఆదాయం మొదలుపెట్టడం కన్నా ఇదే ముందు చేయాల్సిన పని.

ఇప్పుడు అసలు సంగతి. అత్యవసర నిధి. ఉద్యోగులకు ఆరు నెలల ఖర్చు చాలంటాం. మీలాంటి వాళ్లకు పన్నెండు నెలలది కావాలి, ఇందులో బేరం లేదు. 38,000 చొప్పున 4,56,000. మీ దగ్గర ఉన్నది 70,000, అంటే రెండు నెలలు కూడా రాదు. ఛానెల్ పోతే మళ్లీ వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు గానీ యాడ్స్ డబ్బు రాదు. అంతవరకు పాపకు పాలు, అమ్మకు మందులు ఎక్కడి నుంచి వస్తాయి? పన్నెండు నెలలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇది మీ వల్ల అయ్యే పనే. ఖర్చులు, చీటీ పోను నెలకు 15,000 మిగులుతోంది. అది ఇకమీదట వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్లాలి. ఆ ఖాతాకు ఫోన్‌పే, గూగుల్ పే ఏదీ కలపకండి. చీటీని ఇప్పుడు తోసి (కొంత డబ్బు వదులుకుని) పాడుకోకండి, చివరిదాకా ఉంచండి. 8 నెలలకు ఆ డబ్బు, ఉన్న 70,000, నెలనెలా వేసింది కలిస్తే దాదాపు 3,80,000 అవుతుంది. ఆ తర్వాత చీటీ కట్టే పది వేలు కూడా ఇటే మళ్లించండి. మధ్యలో బీమా ప్రీమియాలు తీసినా 14, 15 నెలల్లో నిధి నిండుతుంది. అప్పటిదాకా కొత్త కెమెరా లేదు, డ్రోన్ లేదు. ఉన్న కెమెరాతోనే 1.8 లక్షల మందిని తెచ్చుకున్నారు.

బీమా లేదని ఒక్క ముక్కలో రాసేశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా భయమేసింది ఆ ముక్క చూసే. గండికోట అని, బెలూం గుహలని బైక్ మీద తిరిగే మనిషి మీరు. కాలు విరిగి మూడు నెలలు మంచం పడితే వీడియో లేదు, షూటింగ్ కూడా లేదు. మీ ముగ్గురికీ కలిపి 10 లక్షల ఆరోగ్య బీమా, అమ్మకు విడిగా ఒకటి, మీ పేరు మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా), ఒక ప్రమాద బీమా ఈ నెలలోనే తీసుకోండి. అమ్మకు షుగర్ ఉందని దాచొద్దు. ముందు నుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి, ఎంత త్వరగా తీసుకుంటే అంత త్వరగా ఆ గడువు తీరుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. ఇంకా ఆగడానికి కారణమేమీ లేదు.

ఇక ఆ అప్పు. నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి 24 శాతం. 8 లక్షలకు నెలకు 16,000, అదీ వడ్డీ మాత్రమే, అసలు రూపాయి కూడా తగ్గదు. మీ లెక్క ప్రకారమే సీసాకు 60 మిగిలితే, నెలకు 267 సీసాలు అమ్మితే గానీ వడ్డీ తీరదు. ఆ తర్వాత అమ్మిన సీసా నుంచే మీ సంపాదన మొదలు. మీకు నెలకు మిగిలేది 15,000, వడ్డీ 16,000. ఈ లెక్క రాసుకుని చూశాక కూడా ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టాలనిపిస్తుందా? వడ్డీ కట్టాల్సిన రోజు దగ్గరపడి చేతిలో డబ్బు లేనప్పుడే బెట్టింగ్ యాప్ ప్రమోషన్‌కు మనిషి ఒప్పుకుంటాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంటుందని 2025లో చట్టమే తెచ్చారు. ఆ అవసరం మీ గడప దాకా రానివ్వకండి. క్రెడిట్ కార్డుతో సర్దుకుందామనే ఆలోచన ఉంటే అది ఇంకా ప్రమాదం, అక్కడ ఏడాది వడ్డీ 40 శాతం కూడా దాటుతుంది.

పచ్చళ్లు పెట్టొద్దని నేననను. మీ ప్రేక్షకులకు నచ్చే సరుకే. కానీ మీ వీధిలో డ్వాక్రా అక్కలతో ముందుగా డబ్బు కట్టిన ఆర్డర్లకే చేయించి, మూడు నెలలు చూడండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు. ఇంకొకటి చాలామందికి తెలియదు. సేవలకైతే 20 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పచ్చడి సీసా అనంతపురం నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో పంపితే మాత్రం వేరే రాష్ట్రానికి సరుకు అమ్మినట్టే. టర్నోవర్ ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి మొదట ఆంధ్రప్రదేశ్‌లోనే అమ్మండి.

 మెంబర్‌షిప్‌లు, యాడ్స్ డబ్బు పెరిగితే మంచిదే, వాటి కోసం అప్పు అక్కర్లేదు. బ్రాండ్ల దగ్గర సగం అడ్వాన్స్ అడగండి.

ఏటా ఆదాయపు పన్ను రిటర్ను వేయండి. ఈ ఆదాయానికి కొత్త విధానంలో పన్ను పడకపోవచ్చు, బ్రాండ్లు ముందే పన్నుగా కోసిన టీడీఎస్ మాత్రం వెనక్కి వస్తుంది. రెండేళ్ల రిటర్నులు, నిండిన నిధి చేతిలో ఉన్నప్పుడు ముద్ర రుణానికి (చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ పథకం అప్పు) బ్యాంకుకు వెళ్లండి. అప్పటికి ఆర్డర్ల మీద అమ్మి చూసి ఉంటారు కాబట్టి ఎంత కావాలో మీకే తెలుస్తుంది. అది 8 లక్షలు కాకపోవచ్చు, రెండు లక్షలతోనే సరిపోవచ్చు.