అమ్మానాన్నలను చైనీస్ టేస్టింగ్ మెనూకి తీసుకెళ్లొచ్చా?

ఒడిశాలోని బరంపురం నుంచి అమ్మానాన్నలు నవంబరులో సింగపూర్ వస్తున్నారని, ఒక ఖరీదైన చైనీస్ రెస్టారెంట్‌లో ముక్కూ ముఖం తెలియనివాళ్లతో ఒకే పెద్ద బల్ల దగ్గర కూర్చుని వరసగా పది పన్నెండు రకాలు తినే మెనూ ఉందని, వాళ్లు ఇబ్బంది పడతారేమోనని అడిగారు. మాదీ బరంపురమే. మా అమ్మానాన్నలనూ పిన్నినీ ఇక్కడ అలాంటి చోటికే తీసుకెళ్లాను. మీవాళ్లు చేప, మాంసం తినేవాళ్లయితే తప్పకుండా తీసుకెళ్లండి.

పెద్ద హోటళ్లలో మనవాళ్లను బిగుసుకుపోయేలా చేసేది తిండి కాదు, ఆ వాతావరణం. ఎవరి పళ్లెం వాళ్ల ముందు, ఎవరి మాట వాళ్లలో. చైనీస్ భోజనం అలా కాదు, మొదటి నుంచీ పంచుకుని తినేదే. గిన్నెలు బల్ల మధ్యలో పెడతారు, పెద్దవాళ్లకు ముందు వడ్డిస్తారు, ఆవిరి మీద ఉడికించిన చేప మొత్తంగా వస్తే దాని తల గౌరవించాల్సిన మనిషి వైపు తిప్పి పెడతారు. మా పక్కన కూర్చున్న చైనీస్ పెద్దావిడ చేప చెంప దగ్గరి మెత్తటి ముక్క తీసి మా నాన్నగారి గిన్నెలో వేశారు. ఆయన రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. తర్వాత ఆవిడే, ఎవరైనా టీ పోస్తే రెండు వేళ్లతో బల్ల మీద మెల్లగా తట్టి ధన్యవాదం చెప్పాలని చూపించారు. ఇక నాన్న ఆ రాత్రంతా తడుతూనే ఉన్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, కబుర్లు మాత్రం ఆగలేదు.

వంటకాలు వచ్చే వరస గురించి ముందే చెప్పి తీసుకెళ్లండి. మన పెళ్లి భోజనంలో విస్తరి మధ్యలో అన్నం పడ్డాకే భోజనం మొదలైనట్టు. అక్కడ అన్నం చివర్న వస్తుంది. ముందు చల్లటి చిన్న వంటకాలు, తర్వాత సూపు, ఆపైన చేప, బాతు, మాంసం, ఆకుకూర, అవన్నీ అయ్యాక ఫ్రైడ్ రైసో నూడుల్సో, ఆఖరున వెచ్చటి తీపి పాయసం లాంటిదో పళ్లో. ఇలా ఒక్కొక్కటీ వచ్చేసరికి రెండు మూడు గంటలు పడుతుంది. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే ఇది చిన్న విషయం కాదు. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, అన్నం ఇంత ఆలస్యంగా వస్తుందని చెప్పి ఏ వేళకు వేసుకోవాలో డాక్టర్‌ను ముందే అడగాలి.

సూపును తేలిగ్గా తీసుకోవద్దు. చూడ్డానికి పలచటి తేటనీళ్లలా ఉంటుంది. మూత పెట్టిన కుండను మరుగుతున్న నీళ్ల మధ్య ఉంచి గంటల తరబడి వండుతారు, అందుకే ఆ తేటదనం, ఆ రుచి. నాకైతే ఆ మెనూ మొత్తంలో డబ్బుకు తగిన వంటకం అదే అనిపించింది. పీకింగ్ డక్ వస్తే పల్చటి రొట్టెలో బాతు తోలు, కీర ముక్క, ఉల్లికాడ, తియ్యటి సాస్ పెట్టి చుట్టుకుని చేత్తోనే తినొచ్చు. మనవాళ్లకు అది హాయి. మిగతావాటికి చెంచా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. చాప్‌స్టిక్స్‌తో తింటే మాత్రం వాటిని అన్నంలో నిలువుగా గుచ్చి వదలొద్దని చెప్పండి, అది వాళ్లకు చనిపోయినవాళ్ల ముందు వెలిగించే అగరొత్తులను గుర్తుచేస్తుంది.

చైనాలోని సిచువాన్ ప్రాంతపు వంట ఉంటే ఇంకొకటి. అందులో వేసే సిచువాన్ మిరియం నిజానికి మిరియం కాదు, నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు కాయ పొట్టు. కొంకణంలో చేపల కూరల్లో వేసే తిర్ఫల్‌కి దగ్గరి చుట్టం. కారం కన్నా ముందు పెదాలు, నాలుక జిల్లుమని మొద్దుబారతాయి. మా అమ్మ కంగారుపడి "ఏరా, నాకేమైనా అవుతోందా?" అంది. కాసేపటికి అదే తగ్గిపోతుంది, కానీ బీపీ మాత్రలు వేసుకునే మనిషి ముందుగా తెలియకపోతే నిజంగానే భయపడిపోతారు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది శాకాహారం విషయంలో. మాంసం వద్దు అంటే సరిపోదు. ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాస్ ఉంటుంది, టోఫూ (సోయా పనీర్) కూరకి చికెన్ రసం పోస్తారు, కొన్ని పిండివంటల్లో పంది కొవ్వు ఉంటుంది. మాపో టోఫూ అనే సిచువాన్ కారం కూరలో సంప్రదాయంగా వేసేది గొడ్డుమాంసం ఖీమా. గొడ్డుమాంసం, పంది, షావోషింగ్ అనే బియ్యపు వైన్‌తో వండినవి, వీటిలో మీవాళ్లు ఏవి ముట్టరో ఒక్కొక్కటీ పేరు పెట్టి బుకింగ్‌లోనే రాయండి. ఇలాంటి మెనూకి సరుకు ముందే లెక్కగట్టి తెచ్చుకుంటారు, కూర్చున్నాక మార్చమంటే చాలాచోట్ల కుదరదు.

అందులోనూ నవంబరంటున్నారు. ఒడియావాళ్ల కార్తీకం దసరా తర్వాతి పున్నమి నుంచి కార్తీక పున్నమి వరకు, మనది దీపావళి మర్నాటి నుంచి అమావాస్య వరకు. మన బరంపురం ఇళ్లలో రెండూ పాటించేవాళ్లున్నారు, అప్పుడు నెలన్నర నీచు ముట్టరు. పొరుగింటి ఒడియావాళ్లతో పాటు పంచుక, అంటే కార్తీక పున్నమితో ముగిసే ఐదు రోజులు మాత్రమే పాటించేవాళ్లూ ఉన్నారు. మీ అమ్మగారిని అడిగాకే తేదీ ఖాయం చేయండి. ఆ రోజుల్లోనే రావాల్సి వస్తే ఈ మెనూ మానేసి చైనీస్ బౌద్ధుల శాకాహార రెస్టారెంట్‌కి వెళ్లండి. ఆ వంటలో సంప్రదాయంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, మన కార్తీకానికి సరిగ్గా సరిపోతుంది. వేయట్లేదని ఒకసారి అడిగి నిర్ధారించుకోండి చాలు.

డబ్బు సంగతి. ధర పక్కన ప్లస్ ప్లస్ అని ఉంటే 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద 9 శాతం జీఎస్టీ కలుస్తాయి. అంటే వంద డాలర్ల మెనూ దాదాపు నూట ఇరవై అవుతుంది. వంటకాలకు జతగా ఇచ్చే వైన్ వద్దని చెప్పి టీ తీసుకోండి, ఆ వంటలకి టీయే బాగుంటుంది. డబ్బు ముందే కట్టించుకునే చోటయితే రద్దు నిబంధనలు చదవండి. బల్ల దగ్గర ఎత్తు స్టూళ్లుంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మూడు గంటలు కూర్చోలేరు, వీపు ఆనించే కుర్చీలు ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.