మేకల కాపరి కంట్లో పడకు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. పక్కనే మీ అత్త ఉంది. "శత్రువు గడ్డ మీద ఒంటరిగా చిక్కితే ఎట్ల బతకాలె మామా?" అని నువ్వు అనంగానే చేతిలో గిన్నె కింద పెట్టి నా మొహం చూసింది. అందుకే సిగ్నల్ లేదని పెట్టేశాను. ఇవాళ ఆమె దేవరకొండ పోయింది, సాయంత్రం దాకా రాదు. తీరిగ్గా రాస్తున్నాను.

మన సైన్యంలో కమాండోల దళమైన పారా స్పెషల్ ఫోర్సెస్ ప్రొబేషన్‌కు పోతున్నావు. పోయినవాళ్లలో ఎక్కువ మంది వెనక్కి వస్తారు, వస్తే సిగ్గేమీ లేదు. నేను రాసేదీ మీ ఉస్తాదులు నేర్పేదీ ఎక్కడన్నా తేడా వస్తే వాళ్ల మాటే విను. నేను దిగిపోయి ఇరవై ఏళ్లు దాటింది.

ముందు ఆ పాముల వీడియోలు చూడటం మానెయ్. పాము తోలు ఒలిచి తినడం రాక చచ్చిపోయిన సిపాయిని నేనైతే చూడలేదు. వారం రోజులు తిండి లేకపోతే మనిషి నీరసపడతాడు, చావడు. నీళ్లు లేకపోతే ఎండలో మూడు రోజులు ఆగడం కష్టం. బట్టలు తడిసి చలిగాలి కొడితే ఒక్క రాత్రి చాలు. ఇవన్నీ ఎందుకు, ఎవరి కంట్లోనన్నా పడితే గంటలో అయిపోతుంది. అసలు వరుస ఇది. వీడియోల వాళ్లు దీన్ని తలకిందులు చేసి చూపిస్తారు.

1991 జనవరిలో, గల్ఫ్ యుద్ధమప్పుడు, బ్రిటిష్ ఎస్ఏఎస్ కమాండోలు ఎనిమిది మంది ఇరాక్ లోపల దిగారు. పెద్ద రోడ్డుకు దగ్గరలో ఎండిన వాగులో దాక్కున్నారు. వాళ్లను కనిపెట్టింది సైన్యం కాదు, మేకలు కాసుకునే పిల్లవాడు. రేడియో ఫ్రీక్వెన్సీలు తప్పుగా ఇచ్చి పంపారు కాబట్టి సాయం అడిగినా అందలేదు. పేరుకు ఎడారి, కానీ ఆ జనవరిలో అక్కడ మంచు పడింది. ముగ్గురు చనిపోయారు, అందులో ఇద్దరు చలికే. నలుగురు పట్టుబడ్డారు. మిగిలిన ఒక్కడు దాదాపు 300 కిలోమీటర్లు నడిచి సిరియా చేరాడు. అందరూ ఆ నడిచినవాడి గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ మేకల పిల్లవాడే గుర్తొస్తాడు. పదహారేళ్లు వచ్చేదాకా నేనూ ఆ పిల్లవాణ్ణే కదా.

మీ తాత మందతో డిండి దాటి నల్లమల అంచు దాకా పోయేవాడు, వెనక నేను. కాపరికి పని ఏముంటుంది? పొద్దంతా చూడటమే. మేక తల ఎత్తి చెవులు నిక్కపొడిచిందంటే అటువైపు ఏదో ఉన్నట్టు. తీతువు పిట్ట ఒకేచోట తిరుగుతూ అరుస్తుందంటే దాని గుడ్ల దగ్గర ఎవరో ఉన్నట్టు. తెల్లారి బాటకు అడ్డంగా సాలెగూడు లేదంటే రాత్రి ఎవరో నడిచినట్టు. మంచు పడ్డ గడ్డిలో మనిషి నడిచిన చార నల్లగా కనిపిస్తుంది. బోర్లించిన రాయి అడుగు తడిగా ఉంటుంది. సబ్బు వాసన, బీడీ వాసన గాలివాటున ఎంతో దూరం వస్తాయి. ఇవి మాకెవరూ నేర్పలేదు. గొర్రె తప్పిపోతే ఇంట్లో దెబ్బలు పడతాయి కాబట్టి వచ్చాయి.

కాబట్టి నువ్వు దాక్కున్న తర్వాత ఒకసారి నీ కళ్లతో కాదు, ఆ గుట్ట మీద పుట్టి పెరిగిన పిల్లవాడి కళ్లతో నీ చోటు చూడు. పొదలో నువ్వు కనిపించకపోవచ్చు. ఆ పొదకు మేకలు వస్తాయా? నీడ ఉండి, పచ్చగా ఉండి, పక్కన నీళ్లుంటే తప్పకుండా వస్తాయి. నీకు నచ్చిన చోటు అందరికీ నచ్చుతుంది. ముళ్లు, రాళ్లు, చీమలు, పనికిరాని బీడు, అక్కడ పడుకో. పోయే ముందు కొన్నాళ్ల నుంచే సబ్బు, పౌడరు, తలనూనె మానెయ్. కుక్కల సంగతి వేరే. 2016లో సర్జికల్ స్ట్రైక్ అప్పుడు దారిలో ఊర్ల కుక్కలు మొరగకుండా చిరుతపులి మూత్రం, పేడ వెంట తీసుకుపోయారని లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్ర నింభోర్కర్ గారే తర్వాత చెప్పారు. మన ఊర్లో ఆ మాట చెబితే ముసలోళ్లు ఎవరూ ఆశ్చర్యపోలేదు. చిరుత వాసన తగిలిన కుక్క గుడిసెలోంచి బయటికి రాదని వాళ్లకు తెలుసు.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో విను. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1988 ఫిబ్రవరి. శ్రీలంకలో భారత శాంతిసేనలో ఉన్నాం. వన్నీ అడవిలో రాత్రి పెట్రోలింగ్ పోతుంటే కాల్పులు మొదలయ్యాయి, చెల్లాచెదురయ్యాం. అట్ల విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో బయల్దేరే ముందే కమాండర్ చెప్పాడు. ఆయన చెప్పేటప్పుడు నేను ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం గురించి ఆలోచిస్తున్నాను. అంతే. రెండు రాత్రులు, రెండు పగళ్లు ఒంటరినయ్యాను. తప్పు పూర్తిగా నాదే. కలుసుకునే చోటు ఎప్పుడు చెప్పినా పెదవులు కదుపుతూ మూడుసార్లు అనుకో, పక్కవాడికి చెప్పు, వాడితో చెప్పించుకో.

తెల్లారేసరికి ఒక తాటితోపు కనిపించింది. అచ్చం మన నల్గొండ తోపులాగే ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఎండుమట్టలు మీద కప్పుకుని పడుకున్నాను. ఎటు నుంచి చూసినా మట్టల కుప్పే, మనిషి కనిపించడు. కానీ పొద్దు పొడవంగానే కల్లు గీసే మనిషి వచ్చి, నా నెత్తి మీది చెట్టే ఎక్కాడు! పైనుంచి తిన్నగా కిందికి చూశాడు. చిన్నప్పటి నుంచి పొద్దున్నా సాయంత్రం తాళ్లెక్కే గౌండ్లోళ్లను చూసినవాణ్ణి, ఆ సంగతే గుర్తు రాలేదు. సొంత ఊరిలాగా కనిపించిన చోట మనిషి బుద్ధి పనిచేయడం మానేస్తుంది, జాగ్రత్త.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నా చేతిలో రైఫిల్ ఉంది. ఆయన నడుముకు కత్తి, కుండ ఉన్నాయి. వయసు మీ తాతంత. ప్రొబేషన్లో నిన్ను కూడా ఈ ప్రశ్న అడుగుతారు: మేకల పిల్లవాడు చూశాడు, ఏం చేస్తావు? పడీపడీ ఆలోచించొద్దు. ఆయుధం లేని ఊరి మనిషిని చంపకూడదు. అది చట్టం, మన సైన్యం పద్ధతి కూడా. చట్టం సంగతి పక్కన పెట్టినా, కాపరి ఇంటికి రాకపోతే చీకటి పడేలోపు ఊరంతా వెతకడానికి బయల్దేరుతుంది. మా మంద ఒక్కరోజు ఆలస్యమైతే పది మంది లాంతర్లు పట్టుకుని వచ్చేవాళ్లు. వదిలెయ్. వాడు చూస్తుండగా ఒక దిక్కుకు నడువు, కనుమరుగయ్యాక దిక్కు మార్చు.

ఆయన దిగాడు. ఒక్క మాట అనలేదు. కల్లు కుండ తీసుకుని నడిచి పోయాడు. నేను వెంటనే లేచి ముళ్లపొదల బీడులో పడ్డాను, పొద్దుగూకే దాకా కదల్లేదు. ఆయన ఎవరికన్నా చెప్పాడో లేదో ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం తోపు వైపు కుక్కలు మొరిగాయి. అవి ఎందుకన్నా మొరగొచ్చు.

నడక గురించి. రాత్రే నడవాలి. పగలు నడిస్తే కనిపిస్తావు, పైగా చెమటలో నీళ్లన్నీ పోతాయి. నల్లమలలో చెంచు పెంటల (గూడేల) దగ్గర ఒక పెద్దాయన నాకు చెప్పిన మాట ఉంది, "నడుసుడు కాదు పిలగా, ఆగుడు నేర్సుకో." నాలుగడుగులు వేసి, వేసినంతసేపూ ఆగి వినాలి. అడుగు ముందు పాదం బయటి అంచు మీద ఆన్చి, కింద పుల్ల ఉందో లేదో తెలిశాకే బరువు వేయాలి. గంటకు ఒక కిలోమీటరు నడిచినా చాలు. చీకట్లో దేన్నీ సూటిగా చూడకు, కొంచెం పక్కకు చూస్తే బాగా కనిపిస్తుంది.

కంపాస్ పోతే చుక్కలున్నాయి. ధ్రువనక్షత్రం ఎంత ఎత్తులో కనిపిస్తుందో ఆ చోటి అక్షాంశం అంత. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే సుమారు 10 డిగ్రీలు. మన దేవరకొండలో రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ, కాశ్మీర్లో మూడు దాటుతుంది. వన్నీలో ఒక్క పిడికిలి కూడా లేదు, చెట్ల వెనక దాగిపోయింది. అప్పుడు నన్ను ఆదుకున్నవి వరుసగా ఉండే ఆ మూడు చుక్కలు (ఇంగ్లిష్‌లో ఓరియన్ బెల్ట్ అంటారు), మీ తాత మంద దగ్గర పడుకుని పొద్దు లెక్కగట్టినవి. అవి దాదాపు సరిగ్గా తూర్పున పొడిచి పడమర గుంకుతాయి. అవి గుంకే వైపు పోతే మా వాళ్ల రోడ్డు వస్తుందని తెలుసు, పోయాను.

నీళ్ల సంగతి. మన నల్గొండోళ్లకు కొత్తగా చెప్పాలా, తేటగా కనిపించేవన్నీ మంచినీళ్లు కావని! క్లోరిన్ బిల్లలు జేబులోనే ఉంచుకో, పిట్టూలో (వీపు సంచిలో) కాదు. పిట్టూ ఎప్పుడైనా వదిలేయాల్సి రావచ్చు. దాహమైతే తాగు, గుక్కెడు గుక్కెడు దాచుకోకు. సీసాలో నీళ్లుంచుకుని స్పృహ తప్పినవాళ్లున్నారు. నీళ్లు లేనప్పుడు తిండి కూడా ముట్టకు. మీ అమ్మ మామిడికాయ తొక్కు కట్టిస్తుంది, బ్యారక్‌లో దోస్తులకు పెట్టు, ఫీల్డుకు తీసుకుపోకు. దాహం ఒకటి, వాసన రెండు.

చలికి మాత్రం భయపడు. 1971 డిసెంబరులో 9 పారా అనే బెటాలియన్ కమాండోలు రాత్రి పూట పూంఛ్ నది దాటి మండోల్ దగ్గర పాకిస్తానీ ఫిరంగుల మీద పడ్డారు. ఆరు ఫిరంగులను పేల్చేశారు. జనం ఆ పేలుళ్ల గురించి మాట్లాడతారు, నేను ఆ నీళ్ల గురించి ఆలోచిస్తాను. డిసెంబరు రాత్రి ఆ నదిలో దిగి, ఆ తడితోనే యుద్ధం చేశారు. నూలు బట్ట తడిస్తే ఒంటి వేడిని పీల్చేస్తుంది. ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది. మన కురుమలు నేసిన నల్లగొంగడి కప్పుకుని వాన రాత్రంతా మంద దగ్గర కూర్చున్న మీ తాతకు ఇది సైన్స్ అని తెలియదు. సాక్సులు రెండు జతలు పెట్టుకో, ఒకటి కాళ్లకు, ఒకటి చొక్కా లోపల ఒంటికి ఆనించి. తడిసినవి ఒంటి వేడికే ఆరతాయి. పాదం పాడైతే మిగతా ఒళ్లు ఎంత గట్టిదైనా ఒకటే.

వేషం మార్చి తప్పించుకోవాలని మాత్రం తొందరపడకు. యూనిఫాం విప్పితే పట్టుబడినప్పుడు గూఢచారి అంటారు, యుద్ధఖైదీకి ఉండే రక్షణ పోవచ్చు. చెరలోంచి పారిపోయేవాడి సంగతి వేరు. 1972 ఆగస్టులో రావల్పిండి యుద్ధఖైదీల శిబిరం నుంచి మన వాయుసేన పైలట్లు దిలీప్ పారుల్కర్, గ్రేవాల్, హరీశ్ సిన్హ్‌జీ గోడకు కన్నం వేసి బయటపడ్డారు. ఆఫ్ఘన్ సరిహద్దుకు కొద్ది మైళ్ల దూరం దాకా పోయారు కూడా. అక్కడ లండీఖానాకు ఎట్లా పోవాలని అడిగి దొరికిపోయారు. అది పాత మ్యాపులో ఉన్న రైల్వే స్టేషన్, 1932లోనే మూతపడింది. మన దగ్గర ఎవడన్నా వచ్చి శ్రీశైలం నీళ్లలో మునిగిపోయిన ఊరికి బస్సు ఎప్పుడని అడిగితే ఏమనుకుంటాం, అదే అనుకున్నారు వాళ్లూ. మ్యాపు కంటే బస్టాండ్‌లో జనం ఇప్పుడు ఏ పేరు పలుకుతున్నారన్నది ముఖ్యం.

పట్టుబడితే, పేరు, హోదా, నంబరు, పుట్టిన తేదీ. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం అంతకు మించి చెప్పనక్కర్లేదు. పారిపోవడానికి ప్రయత్నించి మళ్లీ దొరికితే దానికి క్రమశిక్షణ శిక్షే తప్ప నేరం కింద పెద్ద శిక్ష వేయకూడదు, అదీ రాసి ఉంది. రాసి ఉన్నంత మాత్రాన జరుగుతుందని కాదు. అన్నిటికంటే ప్రమాదం మొదటి గంట, సైన్యం రాకముందు జనం చేతిలో ఉన్నప్పుడు. 2019లో పాకిస్తాన్‌లో పట్టుబడ్డ మన పైలట్ అభినందన్‌ను చూశాం కదా. ఆ గందరగోళంలో కూడా కాగితాలు మింగేశాడు, చెరువులో ముంచేశాడు. నీ దగ్గర ఏమేం కాగితాలున్నాయో, ఏది ముందు పోవాలో బయల్దేరే ముందే అనుకుని ఉంచుకో.

ఇంకొకటి. మీ తాత చెప్పిన కథలు ఇక్కడ పనికిరావు. 1948 తర్వాత సాయుధ పోరాట దళాలు నల్లమలలోకి పోయినప్పుడు మంద దగ్గర జొన్నరొట్టెలు మూటకట్టి పెట్టి వచ్చేవాళ్లమని గొప్పగా చెప్పేవాడు. నిజమే. అది సొంత జనం. నీకు అక్కడ రొట్టె పెట్టే మనిషి ఉండడు, పెట్టినా అది రొట్టె ఒక్కటే అని నమ్మడానికి లేదు.

చివరికి మన పోస్టు కనిపిస్తుంది చూడు, అప్పుడు అందరూ పరిగెత్తుతారు. నేనూ లేవబోయాను. రెండో రాత్రి, తెల్లవారడానికి ఇంకా మూడు గంటలుంది. సెంట్రీ దగ్గు వినిపిస్తోంది. నాకు తెలిసిన పాస్‌వర్డు రెండు రోజుల పాతది. చీకట్లోంచి వచ్చే మనిషిని వాడు కాల్చకుండా ఎందుకుంటాడు? కందకం గట్టున పడుకుని ఆ మూడు గంటలు చలికి వణుకుతూ ఉన్నాను. వెలుగు వచ్చాక రైఫిల్ పక్కన పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా లేచాను. "థమ్! కౌన్ ఆతా హై?" అన్నాడు. పేరు చెప్పాను, నంబరు చెప్పాను, నమ్మలేదు. ఆఖరికి హిందీలో నాలుగు బూతులు తిట్టాను. అప్పుడు నవ్వి, రా అన్నాడు.

పార్సిల్లో ఉన్ని సాక్సులు నాలుగు జతలు పెట్టాను. గొంగడి కూడా పెట్టాను గానీ మీ అత్త తీసేసింది, అక్కడ అందరూ నవ్వుతారట. నువ్వు సెలవుకు వచ్చినప్పుడు తీసుకుపోదువు.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు.

మీ మామ