క్రైటీరియా కుదరలేదంటే జబ్బు లేదని కాదు

అలా తేల్చేసుకోకండి. మీరు రాసినదాన్ని బట్టి మీ వయసు 26. ఎనిమిది నెలలుగా నడుము నొప్పి, పొద్దున లేచాక గంటసేపు బిగుసుకుపోవడం, కాస్త అటూ ఇటూ తిరిగితే తేలికపడటం ఉన్నాయి. ఎక్స్‌రే నార్మల్, హెచ్‌ఎల్‌ఏ-బి27 (ఈ రకం జబ్బులతో సంబంధమున్న జన్యువు కోసం చేసే రక్తపరీక్ష) నెగటివ్. 2009 నాటి అసాస్ (ఈ జబ్బు మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం) క్రైటీరియా ముందు పెట్టుకుని మీరే టిక్కులు పెట్టుకుంటే కుదరలేదు కాబట్టి యాక్సియల్ స్పాండిలోఆర్థ్రైటిస్, అంటే వెన్నెముకకూ దాని అడుగు కీళ్లకూ వాపు వచ్చే జబ్బు, లేనట్టేనా అని అడుగుతున్నారు. నేను డాక్టర్ని కాను, ఆ జబ్బున్న మనిషిని. నాకు అది బయటపడటానికి ఐదేళ్లు పట్టింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాకు 23వ ఏట మొదలైంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చేది. మంచం మీద పక్కకి తిరగడమే కష్టంగా ఉండేది, లేచి ఇంట్లో నాలుగు అడుగులు వేస్తే తగ్గేది. నొప్పి కొన్నాళ్లు కుడి పిరుదులో, కొన్నాళ్లు ఎడమ పిరుదులో. రెస్ట్ తీసుకోమన్నారు. రెస్ట్ తీసుకున్న రోజే నొప్పి ఎక్కువయ్యేది. నడుము ఎంఆర్‌ఐలో డిస్క్ కాస్త ఉబ్బిందని వచ్చింది, ఇక అందరం దాన్నే పట్టుకున్నాం. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా డిస్క్ ఉబ్బు కనిపించడం మామూలేనని నాకు అప్పుడు తెలియదు. మడమలు కూడా నొప్పి పుట్టేవి. చెప్పులు మార్చానే గానీ, ఆ సంగతి నడుము చూసే డాక్టర్‌కి ఎప్పుడూ చెప్పలేదు. నొప్పి మొదలైన ఐదో ఏడాదిలో కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయాను. యువైటిస్, అంటే కంటి లోపలి వాపు అన్నారు. కంటి డాక్టరే, "పొద్దున నడుము బిగుసుకుంటుందా?" అని అడిగి రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టర్) దగ్గరికి పంపారు. ఐదేళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ఇప్పుడు మీ క్రైటీరియా సంగతి. 1984లో సవరించిన న్యూయార్క్ క్రైటీరియా ప్రకారం ఎక్స్‌రేలో సాక్రోఇలియాక్ కీళ్లు, అంటే వెన్నెముక అడుగు భాగం కటి ఎముకతో కలిసే చోట ఉండే కీళ్లు, దెబ్బతిన్నట్టు కనిపించాలి. అంత దెబ్బ తినడానికి ఏళ్లు పడుతుంది. అందుకే 2009లో ఎంఆర్‌ఐని కూడా చేర్చారు. 45 ఏళ్ల లోపు మొదలై మూడు నెలలకు మించి నడుము నొప్పి ఉన్నవాళ్లకు అందులో రెండు దారులున్నాయి. ఎక్స్‌రేలో ఆ కీళ్లు దెబ్బతిన్నట్టో, ఎంఆర్‌ఐలో వాటి వాపో కనిపించి, తోడుగా ఈ జబ్బుకు చెందిన కనీసం ఒక లక్షణం ఉండటం ఒకటి. బి27 పాజిటివ్ అయి, తోడుగా కనీసం రెండు లక్షణాలు ఉండటం రెండోది. బి27 నెగటివ్ అయినందువల్ల మీకు రెండో దారి మాత్రమే మూసుకుంది. మొదటిది తెరిచే ఉంది, దానికి అవసరమైన ఎంఆర్‌ఐ గురించి మీరు ఏమీ రాయలేదు.

అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది. ఈ క్రైటీరియా పరిశోధనల కోసం తయారైనవి, ఒకే రకం రోగులను ఒక గుంపుగా చేర్చడానికి. రుమటాలజిస్టుల నిర్ధారణతో పోల్చి చూసినప్పుడు, జబ్బు ఉన్న ప్రతి వందమందిలో దాదాపు 17 మందిని ఇవి పట్టుకోలేదు. జబ్బు లేని వందమందిలో దాదాపు 16 మందిని ఉన్నట్టు చూపించాయి. పరిశోధనకు అది చాలు. ఒక మనిషి నడుము గురించి తేల్చడానికి చాలదు. డాక్టర్ వేరే కారణాలను తోసిపుచ్చి, ఏ లక్షణానికి ఎంత బరువుందో చూసి నిర్ధారిస్తారు. మనం టిక్కులు పెట్టుకోవడంలో ఆ పని జరగదు.

బి27 మీద అతిగా ఆధారపడొద్దు. అది నాకు పాజిటివ్, మా చెల్లికీ పాజిటివే. తనకు ఏ నొప్పీ లేదు. పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదు, నెగటివ్ ఉన్నవాళ్లలో కొందరికి వస్తుంది. సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) నార్మల్‌గా ఉన్నా జబ్బు లేదని చెప్పలేరు.

కాబట్టి ఎముకల డాక్టర్‌తో ఆగకుండా రుమటాలజిస్టును కలవండి. సాక్రోఇలియాక్ కీళ్లకు విడిగా ఎంఆర్‌ఐ అవసరమా అని అడగండి. మామూలు నడుము ఎంఆర్‌ఐలో ఆ కీళ్లు సరిగ్గా పడవు, నా మొదటి స్కాన్‌లో జరిగింది అదే. ఎముక లోపలి వాపు బాగా కనిపించాలంటే స్టిర్ అనే సీక్వెన్స్ (ఎంఆర్‌ఐ తీసే ఒక పద్ధతి) తీయాలి. అయితే బాగా పరుగెత్తేవాళ్లలో, ఈమధ్యే ప్రసవించినవాళ్లలో కూడా అలాంటి వాపు కనిపించవచ్చు, అందుకని ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. సోరియాసిస్, ఎక్కువ రోజులు సాగిన విరేచనాలు, మడమ నొప్పి, వేలు మొత్తం వాయడం, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండటం, ఇవన్నీ నడుముతో సంబంధం లేదనిపించినా చెప్పండి. వాపు తగ్గించే నొప్పి మాత్రలు పూర్తి మోతాదులో వాడాక ఒకటి రెండు రోజుల్లో బాగా తగ్గిందా అన్నది కూడా వాళ్లకు పనికొచ్చే సమాచారమే. అది తెలుసుకోవడానికి మాత్రం సొంతంగా మాత్రలు వేసుకోకండి, కడుపుకూ కిడ్నీలకూ ప్రమాదం.

ఈలోగా ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా నడుము అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.