యాక్సెస్ ఒకటే, సర్వర్లు రెండు

మీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్‌ను టెస్ట్ సర్వర్ నుంచి ప్రొడక్షన్‌కు, అంటే అసలు డేటా ఉండే సర్వర్‌కు, మార్చాక ఫారాలు సరిగ్గానే ఉన్నా, రెండు రిపోర్టుల్లో మాత్రం టెస్ట్ డేటాయే వస్తోందన్నారు కదండీ. అవి పాస్-త్రూ క్వెరీల (యాక్సెస్ తాను నడపకుండా నేరుగా సర్వర్‌కే పంపే క్వెరీల) మీద నడుస్తున్నాయేమో చూడండి. సర్వర్ టేబుల్స్ లింకులు మార్చే లింక్డ్ టేబుల్ మేనేజర్ వాటి జోలికి పోదు, వాటి కనెక్షన్ వాటి దగ్గరే ఉంటుంది.

సర్వర్ పేరును ఒక చిన్న లోకల్ టేబుల్‌లో పెట్టుకోండి. వీబీఏలో (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) టేబుల్‌డెఫ్స్ (ఫైల్‌లోని టేబుల్స్ జాబితా) మీద లూప్ వేసి, కనెక్షన్ వివరాలుండే కనెక్ట్ ప్రాపర్టీ ‘ఓడీబీసీ’తో మొదలయ్యే ప్రతిదానికీ ఆ సర్వర్ పేరుతో కొత్త కనెక్షన్ స్ట్రింగ్ ఇచ్చి, లింకును తాజా చేసే రిఫ్రెష్‌లింక్ పిలవండి. తర్వాత క్వెరీడెఫ్స్‌కూ (క్వెరీల జాబితా) అదే లూప్. వాటికి రిఫ్రెష్‌లింక్ ఉండదు, కనెక్ట్ మారిస్తే చాలు. డీఎస్ఎన్ (సిస్టమ్‌లో విడిగా సేవ్ చేసే కనెక్షన్ సెట్టింగ్) వాడకుండా పూర్తి స్ట్రింగే రాయండి, లేకపోతే ప్రతి సిస్టమ్‌లోనూ డీఎస్ఎన్ పెట్టుకుంటూ తిరగాలి.

ఇంకో మాట, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బెంగళూరులో, మారతహళ్లి ఆఫీసులో ఒక సాయంత్రం టెస్ట్ అనుకుని ప్రొడక్షన్‌లో 40 ఇన్‌వాయిస్‌లు డిలీట్ చేశాను. బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చేసరికి రాత్రి 11 దాటింది. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి మెయిన్ ఫారం హెడర్ ప్రొడక్షన్‌లో ఎర్రగా, టెస్ట్‌లో ఆకుపచ్చగా మారేలా పెట్టాను. ఆ రంగు లోకల్ టేబుల్‌ను బట్టి కాదు, పాస్-త్రూ క్వెరీతో సర్వర్‌నే పేరు అడిగి వేయండి.