బండి రొక్కానికి కొనాలా, కంతులకా?

ప్రశ్న: మాది కూడేరు దగ్గర పల్లె. అనంతపురంలో ఒక ప్రైవేటు కంపెనీలో పని, జీతం చేతికొచ్చేది 19,000. రాత్రి షిఫ్టు అయ్యాక బస్సు దొరక్క నానా తిప్పలు పడుతున్నా, అందుకే 125 సీసీ బండి తీసుకుందామనుకున్నా. ఆన్‌రోడ్ 1,10,000 చెప్పారు. నా దగ్గర బ్యాంకులో 1,20,000 ఉంది. రొక్కం ఇచ్చేస్తానంటే షోరూంలో అబ్బాయి "ఉన్నదంతా బండి మీద పెడతావా అన్నా, 20,000 కట్టు చాలు, మిగతా 90,000 ఫైనాన్స్ చేయిస్తా, ఏడాదికి పది శాతమే వడ్డీ, నెలకు 3,250, మూడేళ్లు" అంటున్నాడు. నా స్నేహితుడూ అంతే, ఆ 90,000 ఎఫ్‌డీ వేసి కంతులు కట్టుకోమంటాడు. మా అమ్మేమో "అప్పు మాట ఎత్తొద్దు నాయనా, యాడ తెచ్చి కడతావు" అంటోంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ పది శాతం సంగతి తేల్చుకుందాం తమ్ముడూ, అసలు కిటుకంతా అందులోనే ఉంది. 90,000కి ఏడాదికి పది శాతమంటే 9,000, మూడేళ్లకు 27,000, అసలుతో కలిపి 1,17,000, దాన్ని 36 నెలలకు పంచితే సరిగ్గా 3,250. కూడికల్లో తప్పేమీ లేదు. కానీ ఆ 90,000 మూడేళ్లూ మీ దగ్గరే ఉండదు కదా, మొదటి నెల నుంచే అసలు కొంత కొంత వెనక్కి కడుతూ వస్తారు, ఏడాదిన్నర అయ్యేసరికి దాదాపు సగం తీరిపోతుంది, అయినా చివరి నెల దాకా వడ్డీ మాత్రం 90,000 మీదే పడుతుంది. దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. ఊళ్లో వడ్డీకిచ్చే పెద్దమనిషి కూడా శెనక్కాయలు అమ్మి సగం అసలు కట్టేస్తే ఆ తర్వాత మిగిలిన సగానికే వడ్డీ అడుగుతాడు. ఆ పద్ధతిలో, అంటే తగ్గే అసలు మీద లెక్క వేస్తే, ఈ పది శాతం దగ్గర దగ్గర 18 శాతం అవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే నూటికి రూపాయిన్నర వడ్డీ. పైన ప్రాసెసింగ్ ఫీజనీ డాక్యుమెంట్ చార్జీలనీ ఓ 3,500 తీసుకున్నారనుకోండి, రూపాయి డెబ్బై పైసలు దాటిపోతుంది. ఊళ్లో ఎవరైనా "రూపాయి డెబ్బైకి ఇస్తా, నోటు రాసివ్వు" అంటే మీరు బేరమాడతారు. ఏసీ గదిలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇచ్చి పది శాతమంటే ఎవరూ ఆడరు, అదీ తేడా.

ఈ లెక్కలన్నీ మీరు చేసుకోనక్కర్లేదు కూడా. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే ఇలాంటి అప్పులకు బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలి, అదీ అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి నిజంగా పడే రేటు అది. సంతకం పెట్టక ముందే అది అడగండి, ఆ అంకెను 12తో భాగిస్తే నూటికి నెలకు ఎంత పడుతుందో ఇట్టే తెలిసిపోతుంది. "అవన్నీ తర్వాత మెయిల్‌కి వస్తాయన్నా" అంటే వచ్చాకే సంతకం పెడతానని చెప్పండి.

ఇక మీ స్నేహితుడి ఎఫ్‌డీ లెక్క. వినడానికి భలే తెలివైన మాటలా ఉంటుంది గానీ అందులో ఒక లొసుగు ఉంది. 90,000ని ఆరున్నర శాతానికి మూడేళ్లు వేస్తే చివర్లో 1,09,000 చిల్లర వస్తుంది, అంటే 19,000 లాభం, కట్టే వడ్డీ 27,000, పోయేది ఎనిమిది వేలే కదా అంటాడు. మరి నెలనెలా 3,250 మీ జీతంలోంచే పోతోందే, దాని సంగతి? బండి రొక్కానికి కొని అదే 3,250 అదే వడ్డీకి ఆర్‌డీలో కట్టుకుంటే మూడేళ్లకు 1,29,000 పైన చేతికొస్తుంది. తేడా 20,000 దాకా ఉంది. అంతగా మీ స్నేహితుడికి ఎఫ్‌డీ మీద ప్రేముంటే ఆయన డబ్బే వేసుకోమనండి.

అట్లని మీ అమ్మ చెప్పినట్టు మొత్తం రొక్కం ఇచ్చేయమని కూడా నేను అనను. 1,10,000 ఇచ్చేస్తే మీ దగ్గర మిగిలేది పదివేలు. వాన మీద ఆధారపడ్డ సేద్యం ఉన్న ఇల్లయితే ఆ పదివేలు ఎంత సేపుంటాయి? బోరు మోటారు కాలిపోయినా, ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా మళ్లీ మూడు రూపాయల వడ్డీకి చెయ్యి చాచాలి, ఫైనాన్స్ వడ్డీ దానికంటే నయమనిపిస్తుంది అప్పుడు.

నేనైతే ఇలా చేస్తాను. 75,000 కట్టేసి 35,000 మాత్రం అప్పు తీసుకుంటాను, అదీ ఏడాదికే. అదే పది శాతం ఫ్లాట్ అనుకున్నా వడ్డీ 3,500, నెలకు పడేది 3,210 లోపే. చూశారా, కంతు దాదాపు అంతే, వడ్డీ మాత్రం 27,000 బదులు 3,500. చేతిలో 45,000 మిగులుతుంది, అది ముట్టుకోకండి. చిన్న మొత్తానికి, తక్కువ గడువుకు షోరూం వాళ్లు మొగ్గు చూపరు, "మినిమం ఇంత ఉండాలన్నా" అంటారు. అప్పుడు మీ జీతం పడే బ్యాంకులో అడగండి. అక్కడా కుదరకపోతే ఆరు నెలలు ఆగి ఇంకొంచెం కూడబెట్టి రొక్కానికే కొనడం మేలు, బస్సు తిప్పలు ఎటూ అలవాటే. మూడేళ్ల ఫైనాన్స్‌కి మాత్రం వెళ్లొద్దు. ఒకవేళ వెళితే, మధ్యలో మొత్తం కట్టేస్తే ఎంత చార్జీ వేస్తారో ముందే రాయించుకోండి.

షోరూంలో రొక్కం అనగానే మొహాలు చిన్నబోవడం మీరు గమనించే ఉంటారు. వెనకటిలాగా రొక్కానికి తగ్గింపు ఇచ్చే కాలం పోయింది, ఫైనాన్స్ చేయిస్తే అటునుంచి వాళ్లకు కమీషన్ వస్తుంది, మీరు రొక్కం ఇస్తే అది పోతుంది. కాబట్టి ధర తగ్గించకపోయినా, ఆన్‌రోడ్ ధరలో ఏమేం కలిపారో వరసగా రాసిమ్మనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో ఆ 18 కనిపించాలి. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ అయిదేళ్లకు తప్పనిసరి, 2018 సెప్టెంబరు నుంచి అదే రూలు. కానీ పాలసీ వాళ్ల దగ్గరే తీసుకోవాలని లేదు, బయట రేటు కనుక్కుని వెళ్లండి, చాలాసార్లు అక్కడే రెండు మూడు వేలు దిగుతారు. హెల్మెట్ బండితో పాటే ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది, దానికి విడిగా డబ్బు రాస్తే అడగండి. 'హ్యాండ్లింగ్ చార్జీలు' అని ఒక లైను కనిపిస్తే అదేమిటో వాళ్ల చేతే చెప్పించండి, సగం మంది చెప్పలేక ఆ లైను కొట్టేస్తారు.

ప్రశ్న: మాకు స్కూటీ కొనడానికి 60,000 తక్కువ పడుతోంది. నా గాజులు బ్యాంకులో పెడదామని నేను, "ఆడవాళ్ల బంగారం తాకట్టు పెట్టి బండెక్కుతానా" అని మా ఆయన. ఫైనాన్సే తీసుకుంటానని పట్టు.
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: బంగారం అంగళ్లకు పేరుపడ్డ ఊళ్లో ఉండి ఇంత మొహమాటమా అమ్మా! బ్యాంకులో బంగారం మీద వడ్డీ మామూలుగా బండి ఫైనాన్స్ కంటే తక్కువే. తొమ్మిది శాతం అనుకుని నెలకు 5,000 చొప్పున అసలు తీర్చుకుంటూ పోతే ఏడాదికి వడ్డీ 3,000 దాటదు. అదే 60,000 పది శాతం ఫ్లాట్‌కి తీసుకుంటే 6,000. పైగా బండి ఆర్‌సీ మీద అప్పిచ్చినవాళ్ల పేరు పడదు.

అయితే మీ ఆయన భయంలో కూడా అర్థం లేకపోలేదు. బంగారం అప్పుకు చాలాచోట్ల నెలనెలా కంతు ఉండదు, అడిగేవాడు లేడు కదా అని అందరూ అసలు వదిలేస్తారు, ఏడాది తిరిగాక వడ్డీ కట్టి తిరగరాయడం, మళ్లీ తిరగరాయడం, చివరకు గాజులు బీరువా మొహం చూడవు. అందుకని మధ్యమధ్యలో అసలు కట్టించుకుంటారా అని బ్యాంకులో అడగండి. జీతం వచ్చిన మర్నాడే 5,000 కట్టేసే పని మీరు పెట్టుకోండి, ఆయనకు వదలొద్దు. వ్యవసాయం కోసమని రాయించి తక్కువ వడ్డీకి తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి.

ప్రశ్న: ఫైనాన్స్ మీద తీసుకున్న బండికి కంతులన్నీ రెండేళ్ల కిందటే అయిపోయాయి. ఇప్పుడు అమ్ముదామంటే కొనేవాడు ఆర్‌సీలో ఫైనాన్స్ వాళ్ల పేరు ఇంకా ఉందని వెనక్కి తగ్గాడు. అప్పు తీరితే పేరు దానంతట అదే పోదా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: పోదండీ. ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (బాకీ లేదనే కాగితం), వాళ్లూ మీరూ సంతకాలు పెట్టిన ఫారం 35 తీసుకుని ఆర్‌టీఓకు దరఖాస్తు చేస్తే అప్పుడు హైపోథికేషన్, అంటే ఆర్‌సీలో ఉన్న వాళ్ల పేరు, తీసేస్తారు. రెండేళ్ల కిందట ఇచ్చిన ఎన్‌ఓసీ ఇంట్లో ఉన్నా, అది ఇప్పుడు చెల్లుతుందో లేదో కనుక్కోండి, లేకపోతే కొత్తది అడగండి. బ్రాంచి ఎత్తేశారని తెలిస్తే కంపెనీ కస్టమర్ కేర్‌కి లోన్ నంబరుతో రాతపూర్వకంగా పెట్టండి, ఫోన్ మాటలు నమ్ముకోవద్దు. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా వాళ్ల పేరుంటే తీయించుకోండి, బండి పోయి క్లెయిం వస్తే అక్కడ మళ్లీ మెలిక పడుతుంది. క్రెడిట్ రిపోర్టులో ఆ అప్పు 'క్లోజ్డ్' అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఈలోపు కొనేవాడి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆర్‌సీ మార్చకుండా బండి తాళాలు ఇచ్చేస్తే, రేపు ఏ ప్రమాదం జరిగినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.