రన్‌వే చేరేలోపు

ప్రశ్న: రేణిగుంటలో హైదరాబాద్ వెళ్లే చిన్న విమానం ఎక్కేటప్పుడు మమ్మల్ని తోక వైపు తలుపు నుంచి ఎక్కించారు. కుడి ఇంజిన్ హోరుమంటోంది కానీ దాని పంకా తిరగడం లేదు. ఫొటో తీసుకుందామని నాలుగడుగులు పక్కకు వేసేసరికి సిబ్బంది కేకలు వేశారు. ప్రయాణికులతో అంత కఠినంగా ఉండాలా?
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: ఆ విషయంలో ఉండాల్సిందేనమ్మా. మీ వర్ణనను బట్టి మీరు ఎక్కినది ఏటీఆర్ 72 రకం విమానం. దీనిలో ప్రయాణికుల తలుపు ఎడమవైపు చివర ఉంటుంది, సామాను ఎక్కించే తలుపు అదే వైపు ముందు భాగంలో ఉంటుంది, ఈ రెండింటికీ నడుమ రెక్క, దానికి సుమారు 4 మీటర్ల వ్యాసం గల ఆరు రెక్కల పంకా ఉంటాయి. పంకా పూర్తి వేగంతో తిరిగేటప్పుడు దాని రెక్కలు కంటికి ఆనవు కనుక, ఆగి ఉన్నా సరే అది తిరుగుతున్నట్టే భావించి నడవమని ర్యాంప్ (విమానాలు నిలిపే ప్రాంగణం) సిబ్బందికి నేర్పుతారు. శంకువుల మధ్య గీసిన దారిలోనే మిమ్మల్ని నడిపించడానికి కారణం అదే.

ఇక పంకా ఆగి ఇంజిన్ మోగడం గురించి. జెట్ విమానాల తోకలో కరెంటు, చల్లగాలి కోసం ఏపీయూ అనే చిన్న ఇంజిన్ ఒకటి అదనంగా ఉంటుంది. ఏటీఆర్‌లో అది లేదు. అందుకని కుడి ఇంజిన్‌ను నడుపుతూనే దాని పంకాకు బ్రేకు వేసి ఉంచుతారు, పైలట్లు దీన్ని హోటల్ మోడ్ అంటారు. ఇంజిన్ లోపల గాలిని పిండే భాగానికీ, పంకాను తిప్పే టర్బైన్‌కూ ఒకే ఇరుసు ఉండదు, మధ్యలో వేడి వాయువుల తాకిడి మాత్రమే ఉంటుంది కాబట్టి ఒకటి ఆగినా మరొకటి తిరగగలదు. ఈసారి వెళ్లినప్పుడు, ఫొటో సంగతి పక్కనబెట్టి, తోక కింద నిలబెట్టే ఊతకర్ర ఉందేమో చూడండి. జనమంతా వెనుక నుంచి ఎక్కేటప్పుడు విమానం తోక మీదికి ఒరగకుండా దాన్ని పెడతారు.

ప్రశ్న: విమానం రన్‌వే దాకా నెమ్మదిగా దొర్లేటప్పుడు పైలట్లకు పెద్ద పనేమీ ఉండదని మా మిత్రుడు అంటాడు. పెద్ద విమానాశ్రయాల్లో ఆ దొర్లుడే చాలాసేపు సాగుతుంది. అసలు ఆ సమయంలో వారు ఏం చేస్తుంటారు?
– ఒక డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: మీ మిత్రునిది చాలామందికి ఉన్న అపోహే. ట్యాక్సీయింగ్ అనే ఈ దశలో పని గాలిలో స్థిరంగా ఎగిరేటప్పటి కంటే ఎక్కువ. ఏటీఆర్‌లో ముక్కు చక్రాన్ని తిప్పే చిన్న స్టీరింగ్ కెప్టెన్ ఎడమచేతి వైపు మాత్రమే ఉంటుంది కనుక ఆయన చూపు బయటే ఉండాలి. కో-పైలట్ ఒడిలో విమానాశ్రయ పటం పెట్టుకొని, నేల మీది విమానాలకు దారి చెప్పే గ్రౌండ్ కంట్రోలర్ మాటను రాసుకొని, తిరిగి చదివి వినిపించి, ప్రతి మలుపు దగ్గర బోర్డు అక్షరాన్ని పటంతో సరిచూస్తూ, మధ్యమధ్యలో చెక్‌లిస్టు కూడా పూర్తిచేయాలి. గంట, గంటన్నర దూరాల ప్రాంతీయ సర్వీసులు నడిపేవారు రోజుకు అనేకసార్లు దిగి ఎక్కుతారు కాబట్టి ఈ తతంగం వారికే ఎక్కువసార్లు వస్తుంది. అలవాటైన దారి అనే ధీమా కూడా వారికే ఎక్కువగా కలుగుతుంది, నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో జరిగింది చూడండి. కామెయిర్ అనే ప్రాంతీయ సంస్థ జెట్ విమానం ఇంకా తెల్లవారకముందే బయలుదేరింది. 7,003 అడుగుల పొడవున్న 22వ నంబరు రన్‌వేకు వెళ్లవలసిన పైలట్లు అంతకుముందే ఎదురైన 26వ నంబరు రన్‌వే మీదికి తిరిగారు. దాని పొడవు 3,500 అడుగులే. విమానం చాలినంత పైకి లేవలేక కూలిపోయింది, 50 మందిలో కో-పైలట్ ఒక్కరే బతికారు. నిర్మాణపు పనుల వల్ల ట్యాక్సీ దారులు మారాయి, పైలట్ల చేతిలోని పటం ఆ మార్పును సరిగా చూపలేదు, అది నిజమే. అయినా దర్యాప్తు సంస్థ ట్యాక్సీయింగ్ సమయంలో వారు సాగించిన అనవసర సంభాషణను కూడా తప్పుపట్టింది. రన్‌వే నంబరు అంటే దాని దిశే. 22 అంటే సుమారు 220 డిగ్రీలు, 26 అంటే 260. ఎదురుగా ఉన్న దిక్సూచి 40 డిగ్రీల తేడా చూపిస్తూనే ఉంది. ఆ ఒక్క అంకెను పైకి చదివి ఉంటే ఆ విమానం అక్కడే ఆగేది. రన్‌వే ఎక్కాక దిశను నంబరుతో పోల్చి చెప్పుకోవడం నేడు సాధారణ పద్ధతి. ట్యాక్సీయింగ్ మొదలుకొని 10,000 అడుగుల ఎత్తు దాకా పనికి సంబంధం లేని మాటలు మాట్లాడరాదన్న నిబంధన మాత్రం అమెరికాలో 1981 నుంచే ఉంది. నిబంధన ఉండటం వేరు, తెల్లవారుజామున నిద్రకళ్లతో దాన్ని పాటించడం వేరు.

మాట పొరపాటు ఎంత చిన్నదైనా సరిపోతుందనడానికి మరొకటి చెబుతాను. 2024 జనవరి 2న టోక్యోలోని హనేదాలో జపాన్ కోస్ట్ గార్డ్ వారి చిన్న విమానం ఒకటి, బయలుదేరే వరుసలో నీది మొదటి స్థానం అని కంట్రోలర్ చెప్పిన మాటను రన్‌వే మీదికి వెళ్లే అనుమతిగా భావించి అక్కడికి చేరి నిలిచింది. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దాన్ని ఢీకొట్టింది. పెద్ద విమానంలోని 379 మంది ప్రాణాలతో బయటపడగా, కోస్ట్ గార్డ్ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. రన్‌వే అంచున ‘ఆగు’ అని చెప్పే ఎర్రదీపాల వరుస ఆ ప్రవేశం దగ్గర అప్పటికి పనిచేయడం లేదు. దీపాలు ఉన్నా లేకపోయినా, నేల మీద పసుపు రంగులో రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు పక్కపక్కనే కనిపిస్తే అక్కడ ఆగి, స్పష్టమైన అనుమతి వచ్చాకే దాటాలి. కిటికీ సీటు దొరికితే రన్‌వే ఎక్కేముందు మీరూ ఆ గీతలను చూడవచ్చు.

ప్రశ్న: బెంగళూరులో మా చిన్న విమానం ముందు పెద్ద విమానం వెళ్లిపోయాక కూడా రెండు నిమిషాలు ఊరికే నిలబెట్టారు. ఎందుకు?
– ఒక వ్యాపారి, శ్రీకాళహస్తి

జవాబు: భారీ విమానం లేచినప్పుడు దాని రెక్కల కొసల నుంచి గాలి సుడులు తిరిగి కొంతసేపు రన్‌వే పైనే ఉంటాయి. అందువల్ల దాని వెనుక వెళ్లే మధ్యస్థ బరువున్న విమానానికి అంతర్జాతీయ ప్రమాణం 2 నిమిషాల ఎడం పెట్టింది. రన్‌వే మొదటి నుంచి కాకుండా నడుమ నుంచి లేస్తే 3 నిమిషాలు.

ప్రశ్న: మా అబ్బాయికి విమానాశ్రయంలో సామాను ఎక్కించే ర్యాంప్ ఉద్యోగం వచ్చింది. రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయట. నాకు భయంగా ఉంది. ఆ పని ప్రమాదకరమా?
– ఒక తల్లి, రేణిగుంట

జవాబు: మీకు ధైర్యం చెప్పాలని అబద్ధం రాయలేనమ్మా. అజాగ్రత్తగా ఉంటే ప్రమాదకరమే. 2022 డిసెంబర్ 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో ఒక ప్రాంతీయ జెట్ వచ్చి ఆగింది. దాని ఏపీయూ పనిచేయనందున బయటి కరెంటు తీగ తగిలించే దాకా ఒక ఇంజిన్‌ను ఆపలేదు. ఈ సంగతి విమానం రాకముందే సిబ్బందికి సమావేశంలో చెప్పారు, అది చేరుకునే ముందు మరోసారి గుర్తుచేశారు. అయినా ఒక ఉద్యోగిని శంకువు పెట్టడానికి వెళ్లి ఇంజిన్ ముందు నుంచి నడవడంతో లోపలికి లాగబడి మరణించారు. మన ముంబయిలోనూ 2015 డిసెంబర్ 16న, నేల మీది సిబ్బంది పూర్తిగా పక్కకు తప్పుకోకముందే విమానం కదలడంతో ఒక టెక్నీషియన్ ఇలాగే ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా పని తెలియనివారెవరూ లేరు. విమానాన్ని త్వరగా తిప్పి పంపాలన్న ఒత్తిడి ర్యాంప్‌పై ఎప్పుడూ ఉంటుంది, నాకు తెలిసినంతలో అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే.

మీ అబ్బాయికి ముందుగా చెప్పవలసింది విమానం పైనా కిందా మినుకుమినుకుమనే ఎర్రదీపం గురించి. అది వెలుగుతున్నంతసేపూ ఇంజిన్ నడుస్తోందనో, నడవబోతోందనో అర్థం. దీపం ఆరి, చక్రాలకు అడ్డుదిమ్మలు పడి, బాధ్యుడైన సూపర్‌వైజర్ చేయి చూపే దాకా దగ్గరికి వెళ్లకూడదు, ఆలస్యమవుతోందని ఎవరు కేకలేసినా సరే. హోటల్ మోడ్‌లో ఉన్న ఏటీఆర్ దగ్గర మాత్రం ఆ చేయి సైగ వచ్చాక కూడా కుడి రెక్క వైపు పోకూడదు. చెవులకు రక్షణ పెట్టుకుంటే వెనుక నుంచి వచ్చే ట్రాక్టరు వినపడదు కనుక అడుగు వేసేముందు తల తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి. రాత్రి వేళ మెరిసే జాకెట్ జిప్పు పూర్తిగా పెట్టుకోవాలి, జేబులో పెన్ను, నాణేలు ఉంచుకోకూడదు. జారిపడిన నాణెం ఒక్కటి ఇంజిన్‌లోకి పోయినా దాని లోపలి రెక్కలు పాడవుతాయి. మన ఎండాకాలంలో ర్యాంప్ సిమెంటు మీద పగలు పనిచేసేవారికి తల తిరగడం మామూలే కాబట్టి నీళ్లసీసా వెంట ఉంచమనండి. మొదటి కొన్ని నెలలు అనుభవజ్ఞుని పక్కన తప్ప ఒంటరిగా డ్యూటీ వేయవద్దని సూపర్‌వైజర్‌ను అడగమనండి. అలా అడిగినంత మాత్రాన ఎవరూ చిన్నచూపు చూడరు.