చిన్న ముక్క, పెద్ద నిర్ణయం

అమ్మా,

లంగ్ బయాప్సీ (ఊపిరితిత్తి నుంచి పరీక్షకు తీసిన ముక్క) స్లైడ్లు బల్ల మీదకు రాగానే టెన్షన్ మొదలవుతోందని రాశావు. గోరంత ముక్క చూసి మాట చెప్పాలంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. నేను చెప్పేది ఒక్కటే, ఆ ముక్కను పొదుపుగా వాడు. క్యాన్సర్ రకం తేల్చాక ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్1 జన్యువుల పరీక్షలకూ, పీడీ-ఎల్1 ప్రోటీన్ పరీక్షకూ అందులోనే మిగలాలి. ఏ మందు ఇవ్వాలో చాలాసార్లు వాటిని బట్టే తేలుతుంది.

అందుకే మార్కర్లు (కణాల్లోని ప్రోటీన్లను చూపే ప్రత్యేక పరీక్షలు) రాసే ముందు మామూలు రంగు వేసిన హెచ్ అండ్ ఈ స్లైడ్ తీరిగ్గా చూడు. గ్రంథుల ఆకారమో మ్యూసిన్ అనే జిగట పదార్థమో స్పష్టంగా ఉంటే ఎడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాల క్యాన్సర్. కెరాటిన్, కణాల మధ్య వంతెనలు కనిపిస్తే స్క్వామస్, అంటే పొలుసు కణాల క్యాన్సర్. ఏదీ తేలకపోతే ముందు ఎడినోకార్సినోమాకు టీటీఎఫ్-1, స్క్వామస్‌కు పీ40, ఈ రెండు మార్కర్లే చేయించు. పీ40 బదులు పీ63 వద్దు, అది కొన్ని ఎడినోకార్సినోమాల్లోనూ పాజిటివ్ వస్తుంది. చిన్న బయాప్సీ మీద 'లార్జ్ సెల్ కార్సినోమా' అని మాత్రం రాయకు. అది ఆపరేషన్‌లో తీసిన కణితిని చూశాకే అనాల్సిన మాట.

అసలు జాగ్రత్త నలిగిన బయాప్సీలో కావాలి. నీలంగా సాగిపోయిన కేంద్రకాలు చూడగానే స్మాల్ సెల్ (చాలా వేగంగా పెరిగే క్యాన్సర్) అని రాసేయాలనిపిస్తుంది. ఆగు. నెమ్మదిగా పెరిగే కార్సినాయిడ్ కణితి నలిగినా అలాగే ఉంటుంది, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలూ అంతే. సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ మార్కర్లు పాజిటివ్ వచ్చాయని నమ్మేయకు, కార్సినాయిడ్‌లోనూ వస్తాయి. నలగని అంచు ఎక్కడైనా ఉందేమో వెతుకు. అక్కడ ఒకదాన్నొకటి ఒత్తుకుని ఒదిగిన కేంద్రకాలు, వాటిలో ఉప్పూమిరియాలు చల్లినట్టుండే క్రోమాటిన్, లెక్కలేనన్ని మైటోసిస్‌లు (విభజన చెందుతున్న కణాలు), నెక్రోసిస్ (చనిపోయిన కణజాలం) ఉన్నాయా చూడు. తర్వాత ఎన్ని కణాలు విభజన దశలో ఉన్నాయో చూపే కేఐ-67 చేయించు. స్మాల్ సెల్‌లో అది సాధారణంగా 80 శాతం పైనే ఉంటుంది, టిపికల్ కార్సినాయిడ్‌లో మామూలుగా 5 దాటదు. స్మాల్ సెల్ అయితే కీమో మొదలుపెడతారు, కార్సినాయిడ్ అయితే ఆపరేషన్‌తోనే నయం కావచ్చు. ఈ ఒక్క స్లైడ్ మీద ఎంతసేపు కూర్చున్నా తప్పులేదమ్మా.

ఇంకో మాట. టీటీఎఫ్-1 థైరాయిడ్ క్యాన్సర్‌లోనూ వస్తుంది. పేగు, రొమ్ము క్యాన్సర్లు ఊపిరితిత్తికి పాకి ఎడినోకార్సినోమాలా కనిపించడమూ మామూలే. పేషెంట్‌కు ఇదివరకు ఏదైనా క్యాన్సర్ వచ్చిందా అని డాక్టర్‌కు ఫోన్ చేసి అడుగు. పాత స్లైడ్లుంటే తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడు.

టెక్నీషియన్‌తో కూడా మాట్లాడు. ముక్కను మైనంలో పొదిగిన బ్లాకును కోసే మెషీన్‌కు ఎక్కించిన ప్రతిసారీ సమం చేయడంలోనే కొంత టిష్యూ పోతుంది. మొదటిసారే రంగు వేయని సెక్షన్లు కొన్ని అదనంగా కోసి, నంబర్లు వేసి ఉంచమను.